అత్తమ్మ కూర్చునే చోటు

పోయిన నెలలో ఒక ఉదయం మా ఆడపడుచు ఫోన్ చేసి అత్తమ్మ పోయిందని చెప్పింది. పొద్దున్నే చాయ్ తాగిందట. గ్లాసు కడిగి బోర్లించిందట. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, పూలమ్మే ఆమెతో కాసేపు పోట్లాడి, ఆమె వెళ్లిపోయాక కళ్లు మూసుకుందట. కునుకు తీస్తోందనుకున్నారు.

నాకు ముందు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. ఆమె మోకాళ్లు చూపించడానికి డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను, అది అయ్యాక కూతురింటికి వెళ్లమని చెప్పాను. మా ఆయనా చెప్పాడు. సరే సరే అంటూనే, మేం ఆఫీసులకు బయల్దేరగానే సంచీ సర్దుకుని బస్సెక్కేసింది. చూడండి, ఆఖరికి పోవడం కూడా నా మాట వినకుండానే పోయింది.

పదకొండో రోజు వచ్చినవాళ్లందరూ ఆమె గురించి మంచి మాటలే చెప్పారు. సాధువులాంటి మనిషి అన్నారు. నోట్లో నాలుక లేదన్నారు. భోజనాల దగ్గర వడ్డిస్తున్న నాకు ఆ మాట విని గరిటె చేతిలో ఆగిపోయింది. ఆమెకా, నోట్లో నాలుక లేకపోవడమా. ఆమెతో ఒకే కప్పు కింద ఇన్నేళ్లు బతికినదాన్ని నేను. ఆమెతో వేగడం ఎలా ఉండేదో రాస్తే తప్ప ఆమెను తలుచుకున్నట్టు కాదనిపించింది. అందుకు ఒక్క వేసవి చాలు. మా కంప్యూటర్ వేడెక్కి వేడెక్కి ఆగిపోయిన వేసవి.

మాది తెనాలి వైపు. డిగ్రీ అవగానే అందరిలాగే అమీర్‌పేట వచ్చి, హాస్టల్ గదిలో ఒక మంచం సంపాదించుకుని జావా నేర్చుకున్నాను. అదే బ్యాచ్‌లో నా వెనక బెంచీలో కూర్చున్నాయన తర్వాత మా ఆయన అయ్యాడు. కోర్సు సగంలో ఉండగానే తనకిది అబ్బదని తేల్చుకుని పంజగుట్టలో ఒక బట్టల షోరూమ్‌లో సూపర్‌వైజర్‌గా చేరిపోయాడు. వాళ్లది నల్లగొండ వైపు నేతవాళ్ల ఊరు. మా పెళ్లికి మా ఇంట్లో అలిగారు, వాళ్ల బంధువులు గొణిగారు. అత్తమ్మ మాత్రం నన్ను కింద నుంచి పైకి ఒకసారి చూసి, "నూలు ఏడిదైతేంది, నేసినంక బట్టే గద" అంది. ఆ ఒక్క మాటకి నేను కరిగిపోయాను. ఆ మనిషే నా ప్రాణం తోడేస్తుందని అప్పుడేం తెలుసు.

మామగారు పోయాక మగ్గం అమ్మేసి ఆమె మా దగ్గరికి వచ్చేసింది. పంజగుట్ట సందుల్లో, రెండో అంతస్తులో రెండు గదుల పోర్షన్ మాది. పడమటెండ గోడల్లోంచి నేరుగా ఇంట్లోకి దిగేది. మా మొదటి పేచీ పిలుపు దగ్గర వచ్చింది. మా వైపు అత్తగారిని మీరు అంటాం. నేను "మీరు తిన్నారా అత్తయ్యా" అని అడిగితే, ఇంకెవరైనా వచ్చారేమోనన్నట్టు ఆమె వెనక్కి తిరిగి చూసేది. మీరు గీరు అంటే పరాయి ఇంట్లో ఉన్నట్టు ఉంటుందట. అత్తమ్మా, తిన్నవా, అని అడగాలట. నా నాలుక తిరగడానికి చాలా కాలం పట్టింది. తిరిగాక మళ్లీ వెనక్కి రాలేదు. అందుకే ఇక్కడ కూడా పోయింది, అంది అనే రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి, అది ఆమె పెట్టిన షరతు.

నా కోర్సు పూర్తయ్యేసరికి అమెరికాలో ఉద్యోగాలు ఊడుతున్నాయని పేపర్లు రాయడం మొదలుపెట్టాయి. ఇక్కడ చూస్తే జావా వచ్చినవాళ్లు వీధికి వందమంది. నాకు దొరికింది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. అక్కడి డాక్టర్లు తమ రోగుల గురించి మాట్లాడి రికార్డు చేసిన ఫైళ్లు మనకు వస్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, విని, టైపు చేసి పంపాలి. ఆఫీసు బంజారా హిల్స్‌లో. కొన్నాళ్లు అక్కడ రాత్రి షిఫ్టులు చేశాక, తప్పులు తక్కువగా వస్తున్నాయని నన్ను ఇంటి దగ్గర నుంచి పగటిపూట చేసుకోనిచ్చారు. దానికోసం ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ తెచ్చుకున్నాం. ఆ పని నా మొదటి సంపాదన. అంత చదువూ చదివి అక్కడేం చేస్తోందట అని అడిగే మా ఊరివాళ్లకు చెప్పుకోవడానికి నాకున్న ఒకే ఒక్క జవాబు. కాకపోతే ఫైలు అడిగిన వేళకి అందాలి. అందకపోతే ఇంటి పని తీసేస్తారు. మళ్లీ రాత్రి షిఫ్టుకు పోవాలి, అదీ అక్కడ కుర్చీ ఖాళీగా ఉంటే.

కంప్యూటర్‌ను ముందు గదిలో కిటికీ పక్కన పెట్టుకున్నాం. టేబుల్ చిన్నది కాబట్టి దాని మీద తెర, కీబోర్డు మాత్రమే పట్టాయి. సీపీయూ డబ్బా కింద నేల మీద ఉండేది. డబ్బా పక్కనే ఒక చాప. ఆ చాప మీద అత్తమ్మ.

ఆమె వత్తులు చేసేది. గంపనిండా పత్తి పెట్టుకుని, గింజలు తీసి, దూదిని వేళ్లతో విడదీసి, దువ్వి, తొడ మీద ఒక్కసారి అరచేత్తో రుద్దితే వత్తి తయారు. కాలనీలో ఎవరు లక్ష వత్తుల నోము పట్టినా మా ఇంటికే వచ్చేవారు. నోము లేనప్పుడూ ఆమె ఆగేది కాదు. చేసిన వత్తులు గుళ్లకు ఇచ్చేది, దారిన పోయేవాళ్లకు ఇచ్చేది, ఒకసారి గ్యాస్ సిలిండర్ తెచ్చినతనికి ఇచ్చింది. ఇదంతా ఎందుకంటే, "చేతులు ఖాళీగుంటే నోరు ఊకోదు బిడ్డా" అనేది. చేతుల నిండా పని ఉన్నప్పుడు కూడా ఆ నోరు ఊరుకున్నది నేను చూడలేదు. నా చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయని తెలిసి కూడా మాట్లాడేది. జవాబు రాకపోతే నా చీర కుచ్చిళ్లు పట్టి లాగేది. నేను ఒక డాక్టరు చెప్పే మందు పేరు పట్టుకోలేక వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ చస్తుంటే, కుచ్చిళ్లు లాగి, దొండకాయ వండనా వంకాయ వండనా అని అడిగేది.

ఎండలు ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, ఎవరిదో గుండె ఆపరేషన్ వివరం సగంలో ఉండగా తెర నల్లబడింది. అత్తమ్మ తలెత్తి కరెంటు పోయిందా అంది. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. బటన్ నొక్కితే కాసేపు లేవలేదు, తర్వాత లేచింది, లేచి మళ్లీ ఆగిపోయింది. డబ్బా మీద చేయి పెడితే చపాతీల పెనంలా ఉంది.

అక్కడితో ఇంట్లో వైద్యం మొదలైంది. ఆమె దృష్టిలో మనిషికి వేడి చేయడం, మిషన్‌కు వేడి చేయడం రెండూ ఒకటే. నేను స్నానం చేసి వచ్చేసరికి డబ్బా మీద తడి గోనెపట్టా కప్పి ఉంది. నీళ్లు బొట్లు బొట్లుగా కారి వెనక వైర్ల మీద పడుతున్నాయి. నేను ప్లగ్గు పీకి గోనెపట్టా విసిరేస్తే, మేలు చేయబోతే కీడు ఎదురైందని మూతి ముడుచుకుంది. మర్నాడు దాని పక్కన నీళ్ల కుండ తెచ్చి పెట్టింది. ఆ తర్వాత మిరపకాయలతో, ఉప్పుతో దిష్టి తీసింది. కాలిన మిరపకాయల ఘాటుకి నేను దగ్గుతూ టైపు చేశాను. నేను మాత్రం తక్కువ తిన్నానా? డబ్బా పక్క తలుపు ఊడదీసి, దాని ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. గాలి బాగా వస్తోందని అత్తమ్మ తన చాపను జరిపి, ఆ ఫ్యాన్‌కీ డబ్బాకీ మధ్య కూర్చుని దూది దువ్వుకుంది. మేమిద్దరం కలిసి ఆ యంత్రాన్ని ఎంత నిష్ఠగా చంపుతున్నామో మా ఇద్దరికీ తెలియదు.

అమీర్‌పేట నుంచి హార్డ్‌వేర్ అన్న వచ్చేవాడు. వచ్చేవాడు అన్నానంటే ఊరికే వచ్చాడని కాదు. పొద్దున ఫోన్ చేస్తే అరగంటల వస్త మేడం అనేవాడు. మధ్యాహ్నం చేస్తే దారిలోనే ఉన్న అనేవాడు. ఆ దారి ఏ దేశం మీదుగా ఉందో, మర్నాడు సాయంత్రానికి దిగేవాడు. ఆ పాటికి కంప్యూటర్ చల్లబడి ఉండేది కాబట్టి అతని ఎదుట బుద్ధిగా పనిచేసేది. అతను చాయ్ తాగుతూ, మంచిగనే నడుస్తుంది గద మేడం, అనేవాడు. అతను మెట్లు దిగి బండి స్టార్ట్ చేసిన చప్పుడు వినపడ్డాక తెర నల్లబడేది.

మొదటిసారి వైరస్ అని చెప్పి మొత్తం తుడిచేసి మళ్లీ ఎక్కించాడు. అందులో నేను ఎన్నో నెలలుగా పోగేసుకున్న పొట్టి మాటలన్నీ పోయాయి. మేం పొడుగు పొడుగు వైద్యం మాటలకు రెండు మూడు అక్షరాల గుర్తులు పెట్టుకుంటాం. గుర్తు కొడితే మాట మొత్తం పడుతుంది. అవి లేకపోతే నా వేగం సగానికి పడిపోతుంది. నేను తల పట్టుకుని కూర్చుంటే అత్తమ్మ అతని ఊరు, ఇంటిపేరు, తమ్ముళ్ల చదువులు అడిగి తెలుసుకుని, పోయేటప్పుడు చెల్లెలికి ఇమ్మని ఒక కట్ట వత్తులు ఇచ్చి పంపింది. రెండోసారి ర్యామ్ బయటికి తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాడు. మూడోసారి కరెంటు సప్లై డబ్బా మార్చాడు. డబ్బా లోపలి చిన్న ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది కాబట్టి దాని జోలికి పోలేదు. నాకూ అదే తృప్తి. తిరిగే ఫ్యాన్‌ను ఎవరు అనుమానిస్తారు?

హాస్టల్లో నాతో ఉన్న స్నేహితురాలు ఒక దారి చెప్పింది. కంప్యూటర్ లేచేటప్పుడు ఒక మీట నొక్కితే నీలం తెర వస్తుంది, అందులో ప్రాసెసర్ ఎంత వేడిగా ఉందో అంకె కనిపిస్తుంది, చూస్తూ కూర్చోమంది. కూర్చున్నాను. అంకె మెల్లగా ఎక్కుతోంది. నేను ఏ పనీ చేయించడం లేదు, ఊరికే కూర్చోబెట్టాను, అయినా ఎక్కుతోంది. అత్తమ్మ చాప మీద నుంచి లేచి వచ్చి నా భుజం మీదుగా చూసి, "జరం ఎక్కుతుందా?" అంది. అవునన్నాను. ఆమె చదువుకోలేదు గానీ అంకెలు బాగా తెలుసు. ఒక్కొక్క అంకె మారినప్పుడల్లా ఆమె నాలుక చప్పరించింది. ఆఖరికి డబ్బా కీచుమని కూసి ఆగిపోయింది. మందు అందక పసిపిల్ల పోయినంతగా ఆమె నిట్టూర్చింది. నాకు మాత్రం ఒక్క సంగతి తెలిసింది. వైరస్ కాదు, ర్యామ్ కాదు, ఇంకేదీ కాదు. వేడి పుడుతోంది, పుట్టిన వేడి బయటికి పోవడం లేదు.

ఆ వారంలో అప్పటికే నా ఫైళ్లు ఆలస్యమయ్యాయి. మా టీమ్ లీడరు బెజవాడ మనిషి, మర్యాదగానే మాట్లాడుతుంది, కానీ ఆ పొద్దున ఫోన్‌లో మర్యాద కాస్త పలచబడింది. ఆ రోజు ఫైలు మధ్యాహ్నానికి రాకపోతే నా పేరు తీసేయకుండా ఆపడం తన చేతిలో ఉండదని చెప్పింది. హార్డ్‌వేర్ అన్నకు ఫోన్ చేస్తే దారిలోనే ఉన్నాడు. నేను నెత్తి కొట్టుకున్నంత పని చేశాను. అత్తమ్మ లేచి, కుట్టు మిషన్ డ్రాయర్‌లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి నా ముందు పడేసింది.

"మగ్గం ఆగితే నేసేటోడే ఇప్పి చూస్తడు. మేస్త్రీ కోసం కూసుంటడా? ఇప్పు" అంది.

ఇద్దరం డబ్బాను చాప మీద పడుకోబెట్టాం. ప్రాసెసర్ మీద అల్యూమినియం పలకల దిమ్మ ఒకటి ఉంటుంది, చిప్పులో పుట్టిన వేడిని అది పీల్చుకుంటుంది. దాని మీద ఉన్న చిన్న ఫ్యాన్ ఆ వేడిని ఊదేస్తుంది. ఆ ఫ్యాన్ మరలు విప్పి పైకి తీశాను. కింద పలకలు కనపడలేదు. వాటి మీద బూడిదరంగులో, మందంగా, అచ్చు గొంగడి ముక్కలాంటిది ఒకటి పరుచుకుని ఉంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది ఇన్నాళ్లూ, ఆ గొంగడికి విసురుతూ. గోరుతో కొస పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది.

అత్తమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి నలిపింది. పైన దుమ్ము రాలిపోయి లోపల తెల్లగా కనపడింది.

"నా దూదే" అంది.

ఇక నేను ఆగలేదు. వైరస్ అనుకుని అంతా తుడిపించుకున్నాను, పొట్టి మాటలు పోయాయి, పని పోయేలా ఉంది, ఇదంతా నీ వత్తుల వల్లనా అన్నాను. ఇంట్లో ఇంకో గది ఉంది, బాల్కనీ ఉంది, మెట్ల దగ్గర గాలి వస్తుంది, ఇక్కడే, ఈ డబ్బా పక్కనే ఎందుకు కూర్చోవాలి అన్నాను. ఆమె తగ్గుతుందేమోనని చూశాను.

"గంత పొట్ట పెట్టుకొని గింత దూది అరగలేదా దానికి?" అంది డబ్బాను చూపిస్తూ. "మా మగ్గం దినాం పిడికెడు దుమ్ము తినేది. ఒక్కనాడు మూలకు పండలే."

మనిషికి కోపం ఎంత వస్తుందో అంతా వచ్చింది నాకు. మాట్లాడకుండా దిమ్మను కూడా తీసి శుభ్రం చేద్దామని దాన్ని పట్టి ఉంచిన ప్లాస్టిక్ కొక్కేన్ని నొక్కుతున్నాను. అది ఊడటం లేదు. లెవ్వు, నేను తీస్త, అని ఆమె చేయి పెట్టింది. మగ్గం మేకులు పీకిన చేతులు. టప్‌మని చప్పుడు. కొక్కెం రెండు ముక్కలైంది. ఆమె ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూసి, గట్టి సామాను కాదని తీర్పు చెప్పింది.

నేను దిమ్మను ఒళ్లో పెట్టుకుని నేల మీద అలాగే కూర్చుండిపోయాను. ఫోన్ మోగింది. వంటింటి గుమ్మం పక్కన అల్మారాలో ఉండేది ఫోన్. టీమ్ లీడరే అయి ఉంటుంది. నేను లేవలేదు. లేచి ఏం చెప్పాలి? ఆఫీసు ఫోన్లంటే అత్తమ్మ ఆమడ దూరం. ఇంగ్లీషులో ఏదో అడుగుతారని, మోగితే నన్ను కేకేసేది తప్ప ముట్టుకునేది కాదు. ఆ రోజు తనే వెళ్లి ఎత్తింది.

"మేడమా? నేను ఆ పిల్ల అత్తను. జర ఇనుండ్రి. మిషన్ ఖరాబైంది, పిల్లది తప్పేం లేదు. నేను పక్కన కూసొని దూది దువ్విన, గదంత లోపలికి వోయి ఇరికింది. తప్పు నాది. పిల్లను ఏమనకుండ్రి. పని తియ్యకుండ్రి. అది నోరిప్పి అడగది, గందుకే నేను చెప్తున్న."

అవతలి మాట వినకుండానే రిసీవర్ నా చేతికిచ్చి, గంప తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. టీమ్ లీడరు, "మీ అత్తగారా? ఏంటండీ ఆవిడ, నన్ను ఒక్క ముక్క మాట్లాడనివ్వలేదు" అంది. ఆమె గొంతులో నవ్వు ఉంది. ఆ ఫైలు వేరేవాళ్లకు ఇస్తానని, మర్నాటికల్లా కంప్యూటర్ బాగుచేయించుకోమని, ఈసారికి తను చూసుకుంటానని చెప్పింది.

తప్పు తనదన్న ఆ మాట అత్తమ్మ నాతో అనలేదు. ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి గుర్తుచేస్తే, గా మేడంతోని ఏమన్ననో నాకేం యాదికున్నది, అని మాట మార్చేసింది. నేను వింటున్నానని తెలిసే గట్టిగా మాట్లాడిందో, ఫోన్‌లో అలా అరిస్తేనే వినపడుతుందనుకుందో, ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

విరిగిన కొక్కెం లోపలి మదర్‌బోర్డుకు బిగించి ఉంది కాబట్టి డబ్బా మొత్తం తీసుకెళ్లాల్సి వచ్చింది. నేను ఒక్కదాన్నే వెళ్తానన్నాను. విన్నదా? చీర మార్చుకుని, తాళం వేసి, నాకంటే ముందే ఆటో ఎక్కి కూర్చుంది. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద స్పేర్ పార్టులు అమ్మే చిన్న కొట్టు ఉండేది. ముందు చాలామంది ఉన్నారు. ఆ పక్కన మెట్ల మీద కూర్చుని మా వంతు కోసం చూశాం. పైన ఏదో క్లాసు నడుస్తోంది, మైకులో మాస్టారి గొంతు వస్తోంది. నా కోపం ఇంకా తగ్గలేదు. ఇంట్లో అడిగిందే మళ్లీ అడిగాను. బాల్కనీలో అంత గాలి వస్తుంటే అక్కడే ఎందుకు కూర్చుంటావు అత్తమ్మా అని.

ఆమె కొట్టువైపు చూస్తూ చెప్పింది. "మగ్గం ఉన్ననాడు ఇంట్ల ఒకటే సప్పుడు. నా పెండ్లైనకాంచి గదే సప్పుడు. మీ మామ పోయినంక, మగ్గం పోయినంక, చెవులు రెండు బందైనట్టైంది. నీ మిషన్ గుయ్యిమంటది, నీ వేళ్లు టకటక అంటయి. ఆడ కూసుంటే జర పానం నిమ్మలమైతది. గంతే."

మా వంతు వచ్చింది.

కొట్టతను పాత కొక్కెం తీసి కొత్తది బిగించాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే నడిపి ఉంటే ప్రాసెసర్ కాలిపోయేదన్నాడు. చిప్పు మీద ఎండి పెచ్చులు కట్టిన పాత పేస్టు గీకేసి, చిన్న ట్యూబులోంచి తెల్లటి పేస్టు చుక్కంత తీసి రాశాడు. గా సున్నమెందుకని అత్తమ్మ అడిగింది. చిప్పులోని వేడి పైనున్న దిమ్మకు చేరాలంటే ఇది ఉండాలమ్మా, ఎక్కువ రాసినా ప్రమాదమే, అన్నాడు. సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతది గద, గట్లనే, అని ఆమె నాకు వివరించింది, నేనేదో తెలియక నిలబడ్డట్టు.

కంప్యూటర్ బాగుపడింది. నా పని నిలబడింది. పొట్టి మాటలు మళ్లీ ఒక్కొక్కటే చేర్చుకున్నాను. డబ్బా టేబుల్ మీదికి ఎక్కింది, తెర పక్కన ఇరుక్కుని కూర్చుంది. వారం రోజులు అత్తమ్మ వంటింట్లో కూర్చుని వత్తులు చేసింది. ఆ వారం నా పని బాగా సాగాలి. సాగలేదు. ఎవరూ కుచ్చిళ్లు లాగడం లేదని మాటిమాటికీ కిందికి చూసుకున్నాను. చివరికి నేనే చాప తెచ్చి, కిటికీకి ఎదురుగా, డబ్బాకు దూరంగా, రెండు గదుల మధ్య గడప దగ్గర పరిచాను. అక్కడికి చప్పుడు వినపడుతుందా అని అడిగితే, వినపడుతది తియ్ అంది. ఆ మర్నాడే వంకాయా దొండకాయా అని అక్కడి నుంచే అరవడం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి ఇంకో పీడ చుట్టుకుంది. ప్రతి శనివారం పొద్దున్నే, మిషన్ దులిపినవా అని అడిగేది. దులిపానంటే నమ్మేది కాదు. తెరిచి చూపించమనేది. పాత పెయింటు బ్రష్షు ఒకటి దానికోసమే దాచి ఉంచింది. ఆ కంప్యూటర్ ముసలిదై పాత సామానులవాడికి పోయింది. నేను వేరే కంపెనీలో చేరాను, ఇంటికి ల్యాప్‌టాప్ వచ్చింది. శనివారం మాత్రం పోలేదు. దీనికి మూత తీయడానికి ఉండదు అత్తమ్మా అని చెబితే, ఊపిరి ఏడికెళ్లి తీస్కుంటదని అడిగేది. పక్కనున్న చిన్న చీలికలు చూపించాను. ఆ రోజు నుంచి వాటి మీద బ్రష్షు ఆడించకుండా నన్ను ఆఫీసుకు పంపలేదు. మీటింగుకు ఆలస్యమవుతోందని ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. ఆ టీమ్ లీడరు ఈమధ్య దాకా పండగలకు ఫోన్ చేసేది. చేస్తే ముందు, దూది అత్తగారు ఎలా ఉన్నారని అడిగేది. నేను చెప్పేలోపే అత్తమ్మ ఫోన్ లాక్కునేది.

ఆమె పోయిన దగ్గర నుంచి చాలా సంగతులు గుర్తుకొస్తున్నాయి. పోట్లాటలే ఎక్కువ. కానీ పని చేసుకుంటూ ఉంటే, అడగకుండానే కళ్ల ముందుకు వచ్చి నిలబడేది ఒక్కటే. ఆ రోజు అమీర్‌పేట నుంచి తిరుగు దారి.

కొట్టు నుంచి బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. క్లాసులు వదిలారు. రోడ్డంతా బ్యాగులు తగిలించుకున్న పిల్లలే. ఆటోవాళ్లు పంజగుట్ట అంటే తల అడ్డంగా ఊపి వెళ్లిపోతున్నారు, అంత దగ్గరికి రారట. బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. నేను డబ్బాను రోడ్డు పక్కన అరుగు మీద పెట్టి, చేతులు పీకుతుంటే విదిలించుకుంటున్నాను. బయటికని వేసుకున్న పంజాబీ డ్రెస్సు మీది నా చున్నీని అత్తమ్మ లాక్కుంది. దాన్ని గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుంది. "ఎత్తు" అంది.

వద్దన్నాను. జనం చూస్తారన్నాను. పడిపోతే మళ్లీ మొదటికొస్తుందన్నాను. నేసిన చీరల మూటలు మోసుకుని చేనేత సొసైటీకి నడిచినదాన్ని, ఇదెంత, అంది. నేను ఎత్తి ఆమె నెత్తిన పెట్టాను. ఒక చేత్తో అంచు పట్టుకుని, రెండో చేయి ఊపుకుంటూ ఆమె నడిచింది. మెడ కదల్లేదు. జావా పిల్లలు, ఇంటర్వ్యూ ఫైళ్లు పట్టుకున్న పిల్లలు, చాయ్ గ్లాసులతో నిలబడ్డ పిల్లలు, ఇటొకరు అటొకరు జరిగి దారిచ్చారు. కరపత్రాలు పంచే కుర్రవాడు అలవాటుగా ఆమె చేతిలోనూ ఒకటి పెట్టాడు. ఆమె దాన్ని మడిచి నడుము దగ్గర దోపుకుని సాగిపోయింది. నేను చేతులు ఖాళీగా వేసుకుని వెనకాల పరుగులాంటి నడక నడుస్తున్నాను. పంజగుట్ట వైపు తిరిగేదాకా ఆమె తల తిప్పకుండానే నాతో ఏదో చెబుతూనే ఉంది. బస్సుల హారన్లలో నాకు ఒక్క మాటా వినపడలేదు. ఊఁ, ఊఁ అంటూ, ఆ జనంలో ఆ డబ్బా ఎక్కడుందో చూసుకుంటూ వెనకే వెళ్లాను.